జెముడుకాకికి పాఠంలో చోటు లేదా?

పరీక్షలో ఇలా ఒక ప్రశ్న వచ్చిందనుకోండి: "కోకిల కుటుంబానికి చెందిన పక్షుల ప్రత్యేకత ఏమిటి?" మీలో చాలామంది కలం ఆపకుండా రాసేస్తారు, "అవి గూడు కట్టుకోవు, ఇతర పక్షుల గూళ్లలో గుడ్లు పెట్టి, తమ పిల్లల్ని వాటి చేత పెంచుతాయి" అని. మార్కులు కూడా పడతాయి. కాని ఆ జవాబు తప్పు. అదీ చిన్న తప్పు కాదు.

లెక్క చూడండి. ప్రపంచం మొత్తం మీద కోకిల కుటుంబంలో సుమారు 150 జాతుల పక్షులున్నాయి. వాటిలో పరాయి గూళ్లలో గుడ్లు పెట్టి చేతులు దులుపుకునేవి సుమారు 60. మిగిలిన 90 జాతులూ తమ గూళ్లు తామే కట్టుకుని, తమ పిల్లల్ని తామే పెంచుకుంటాయి. 50 మంది వున్న తరగతిలో 20 మంది పక్కవాడి నోటుపుస్తకం చూసి లెక్కలు చేశారనుకోండి. "ఈ తరగతి మొత్తం కాపీగాళ్లు" అని ఎవరైనా అంటే మిగిలిన 30 మంది ఊరుకుంటారా? పక్షులకు నోరు లేదు కాబట్టి ఊరుకున్నాయి. వాటి తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను.

నా సాక్షిని తీసుకురావడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మీ బడి వెనక కంచెలోనో, పొలం గట్టు మీది పొదలోనో, చెరువు కట్ట కింది తుప్పల్లోనో అది ఈపాటికి నత్తల కోసం వెతుక్కుంటూ వుంటుంది. దాని పేరు జెముడుకాకి.

చూసే వుంటారు. కాకి అంత వుంటుంది. తోకతో కలిపి కొలిస్తే 48 సెంటీమీటర్ల దాకా పొడవు. తల, పొట్ట నిగనిగలాడే నలుపు. రెక్కలు మాత్రం ఇటుకరాయి రంగు. కళ్లు ఎర్రగా, నిప్పుకణికల్లా వుంటాయి. పొడవైన నల్లని తోకను నేలకు సమాంతరంగా చాచి, ఏదో పనిమీద పోతున్న పెద్దమనిషిలా అడుగులో అడుగు వేసుకుంటూ పొదల కింద నడుస్తుంది. ఎగరడం దానికి అంతగా చేతకాదు. తరిమితే బరువుగా నాలుగు రెక్కలు కొట్టి, ఎదురుగా వున్న పొదలోకి జారిపోతుంది. వాన పడిన మర్నాడు పొద్దున్నే పొద పైకెక్కి, రెక్కలూ తోకా పరుచుకుని ఎండ కాగుతుంది. ఖాళీ కుండలోకి మూతి పెట్టి ఊదినట్టు "కూప్, కూప్, కూప్" అని దూరం నుంచి వినిపించే బొంగురు గొంతు దానిదే. ఒక్కోసారి ఆ కూత రెండు వైపుల నుంచి వస్తుంది. అప్పుడు జాగ్రత్తగా వినండి. ఎక్కువ బొంగురుగా వినిపించేది ఆడపక్షి.

ఇక పేర్ల సంగతి. ఈ పక్షికి పేరు పెట్టిన ప్రతివాడూ దాన్ని మరోటిగా పొరపడినట్టే కనిపిస్తుంది. మనవాళ్లు జెముడు డొంకల్లో తిరుగుతుంది కాబట్టి జెముడుకాకి అన్నారు. కొన్నిచోట్ల చెముడుకాకి అని కూడా అంటారు. అంటే చెవిటి కాకి అనుకునేరు, చెముడన్నా జెముడన్నా ఆ మొక్కే. జెముడు అన్నంతవరకు బాగానే వుంది గాని, ఇది కాకి కాదు. ఇంగ్లీషువాళ్లు "క్రో-ఫెజెంట్" అన్నారు. ఫెజెంటు అంటే నెమలికీ కోడికీ చుట్టమైన ఒక వేటపక్షి. ఓడ దిగిన కొత్త దొరలు దీన్ని ఫెజెంటు అని భ్రమపడి కాల్చి, వండించుకుని, నోట పెట్టలేకపోయారని పాత పుస్తకాల్లో వుంది. ఇది ఫెజెంటూ కాదు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సెంట్రోపస్ సైనెన్సిస్. మొదటి మాటకు "ముల్లు కాలిది" అని అర్థం. దాని వెనకవేలికి పొడవైన, తిన్నని గోరు వుంటుంది. రెండో మాటకు "చైనాది" అని అర్థం. 1815లో స్టీఫెన్స్ అనే ఆయన దాన్ని వర్ణించినప్పుడు నమూనా చైనాది కావడం వల్ల ఆ పేరు వచ్చింది. మన దేశమంతటా తిరిగే పక్షికి చైనా ముద్ర పడింది.

ఇది కాకీ కాదు, ఫెజెంటూ కాదు. కోకిల కుటుంబపు పక్షి. ఎలా తెలుసు? మీరే పరీక్షించవచ్చు. కాకి కాలి వేళ్లు చూడండి: మూడు ముందుకు, ఒకటి వెనక్కి వుంటాయి. జెముడుకాకికి రెండు ముందుకు, రెండు వెనక్కి. కోకిలకూ అంతే. తడి బురదలో నడిచి వెళ్లిన జాడ చూస్తే ఇది కాకి అడుగు కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. వేళ్లు ఒక్కటే చాలవనుకోండి. చిలకకూ వడ్రంగిపిట్టకూ కూడా వేళ్లు అలాగే వుంటాయి. అందుకే శాస్త్రజ్ఞులు ఎముకలు చూశారు, ఆ తర్వాత డి.ఎన్.ఏ. కూడా పోల్చి చూశారు. అన్నీ కోకిల కుటుంబాన్నే చూపిస్తున్నాయి.

మరి ఈ కోకిల చుట్టం సంసారం ఎలా చేస్తుంది?

మన ప్రాంతాల్లో సాధారణంగా వానలు మొదలయ్యాక జత కడుతుంది. మగపక్షి ఆడదాన్ని నేల మీద వెంబడిస్తుంది. ఉత్త చేతులతో కాదు, పురుగునో తొండపిల్లనో ముక్కున కరుచుకుని కానుకగా తెస్తుంది. ఆడపక్షికి ఇష్టమైతే తోక దించి, రెక్కలు వాలుస్తుంది. తర్వాత గూడు. తీగలు అల్లుకుపోయిన పొదలో, వెదురు గుంపులో, మొగలి డొంకలో ఆకులూ పుల్లలూ పోగేసి, లోతైన గిన్నెలా కట్టి, పైన కప్పు వేస్తారు. ఈ పనిలో ఎక్కువ భాగం మగపక్షిదే. మూడు రోజుల నుంచి ఎనిమిది రోజుల్లో గూడు పూర్తవుతుంది. తరువాత 3 నుంచి 5 గుడ్లు. సుద్దలా తెల్లగా వుండి, పైన పసుపుపచ్చని మెరుగుతో వుంటాయి. నాలుగు రోజులు పోతే ఆ మెరుగు అరిగిపోతుంది. 15, 16 రోజులు పొదిగితే పిల్లలు బయటికి వస్తాయి. నల్లని ఒళ్లు, దాని మీద వెంట్రుకల వంటి తెల్లని నూగు. చూడ్డానికి అందంగా వుంటాయని చెప్పలేను. ఆ తర్వాత మరో 18 నుంచి 22 రోజుల పాటు మేత తెచ్చి పెట్టాలి. అప్పుడు గాని పిల్లలు గూడు దాటవు.

ఇది తేలిక పని కాదు. తమిళనాడు తీరంలో పాయింట్ కాలిమేర్ అనే చోట ఈ పక్షుల సంసారాన్ని ఓపికగా పరిశీలించారు. అక్కడ గుడ్లలో నూటికి 77 మాత్రమే పిల్లలయ్యాయి. కొన్ని గూళ్లను అడవికాకులు దోచుకున్నాయి. ఒక్కో జంట తన మేతకోసం సగటున 3.8 హెక్టార్ల నేలను, అంటే సుమారు తొమ్మిదిన్నర ఎకరాలను, తన ఇలాకాగా పెట్టుకుని తిరిగింది. తొమ్మిదెకరాల రైతుకు ఎంత పనో ఆ జంటకూ అంత పని అన్నమాట.

పాపం, ఎంత మంచి పక్షి అనుకుంటున్నారా? అలా కూడా అనుకోవద్దు. జెముడుకాకి నత్తలను, గొంగళిపురుగులను, మిడతలను తింటుంది. ఎలుకలను, తొండలను పట్టుకుంటుంది. చిన్నపింజర వంటి విషప్పామును కూడా చంపి తిన్న సందర్భాలున్నాయి. అంతవరకు రైతు మెచ్చుకుంటాడు. కాని అదే ముక్కుతో ఇతర చిన్న పిట్టల గూళ్లు వెతికి గుడ్లు తాగేస్తుంది, పిల్లల్ని మింగేస్తుంది. తన పిల్లలకు పెట్టే మేతలో పక్కింటి పిల్లలు కూడా వుంటారు. కనుక పరాయి గూళ్లలో గుడ్లు పెట్టే కోకిల దుర్మార్గురాలనీ, జెముడుకాకి పతివ్రతాశిరోమణి అనీ తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. జంతుశాస్త్రం న్యాయస్థానం కాదు. "సోమరి", "దొంగ", "మోసగత్తె" అనే మాటలు కోకిల పాఠంలో చూసినప్పుడల్లా నాకు చిరాకు వేస్తుంది. కాకి కళ్లుగప్పి, అది గుడ్లు పెట్టే సమయానికే సరిగ్గా వచ్చి గుడ్డు పెట్టిపోవడం సోమరి చేసే పనేనా?

అసలు కోకిల పాఠంలో ఇంకో గందరగోళం కూడా వుంది. గుడ్డులోంచి వచ్చిన పసికందు, కళ్లయినా తెరవకముందే, గూటిలోని మిగతా గుడ్లనూ పిల్లలనూ వీపు మీద ఎత్తి బయటికి తోసేస్తుందని మీరు చదివే వుంటారు. అది నిజమే. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నరే, ఆ పనికి ముందు, 1788లో దీన్ని కళ్లారా చూసి రాశాడు. కాని ఆయన చూసింది ఇంగ్లండులోని "కుకూ" పక్షిని. మన మామిడితోపుల్లో "కుహూ" అని కూసే కోకిల వేరే జాతి. మన కోకిల పిల్ల సాధారణంగా అలా తోసేయదు. కాకిపిల్లలతో పాటే పెరుగుతుంది. అలాగని కాకికి నష్టం లేదని కాదు. ముక్కులో తెచ్చిన మేత పంచుకునే నోళ్లు పెరుగుతాయి గదా. కాని ఎవరో "కుకూ" అనే మాటను "కోకిల" అని అనువదించి, ఇంగ్లండు పిల్ల చేసిన హత్యలను మన పిల్ల నెత్తిన రుద్దారు. పాట మన కోకిలది, నేరం వాళ్ల కుకూది, నింద కుటుంబం మొత్తానిది!

ఆ కుటుంబంలో ఎన్ని రకాల సంసారాలున్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అమెరికా ఎడారుల్లో రోడ్‌రన్నర్ అనే కోకిల వుంది. ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తి విషసర్పాలను కూడా వేటాడుతుంది, గూడు కట్టి పిల్లల్ని పెంచుతుంది. అమెరికా ఖండంలోనే "ఆని" అనే నల్ల పక్షులు నాలుగైదు కలిసి ఉమ్మడి గూటిలో గుడ్లు పెట్టి, వంతులవారీగా పొదుగుతాయి. ఆఫ్రికాలో మన జెముడుకాకికి దగ్గరి బంధువు ఒకటి వుంది, నల్ల జెముడుకాకి అందాం. అక్కడ పద్ధతి తలకిందులు. ఒళ్లు పెద్దది ఆడపక్షిదే. కూతలు కూసి ఇలాకా కాపాడేదీ అదే. ఒక్కో ఆడదానికి అనేకమంది మగలు. గూడు కట్టడం, పొదగడం, పిల్లలకు మేత పెట్టడం పూర్తిగా మగవాడి పని. మన డొంకల్లోనే తిరిగే మాల్కోహా అనే బూడిదరంగు పక్షి కూడా కోకిల కుటుంబంలోదే. అదీ సొంత గూడు కట్టుకుంటుంది. ఇవన్నీ వదిలేసి ఒక్క వాక్యంతో సరిపెడితే ఎలా?

ఇంతకంటే పెద్ద సంగతి మరొకటి వుంది. డి.ఎన్.ఏ. సాయంతో ఈ కుటుంబపు వంశవృక్షాన్ని గీసినప్పుడు తెలిసిందేమంటే, కోకిలల పూర్వీకులు గూడు కట్టుకుని పిల్లల్ని పెంచుకున్నవే. ఆ తర్వాత వంశంలోని మూడు కొమ్మలు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, గూడు కట్టడం మానేశాయి. అంటే జెముడుకాకి చేస్తున్నది పాత పద్ధతి. కోకిల చేస్తున్నదే కొత్త పోకడ. "కోకిల కుటుంబంలో పుట్టి కూడా గూడు కడుతోందే!" అని జెముడుకాకిని చూసి ముక్కున వేలేసుకోనక్కరలేదు. "గూడు కట్టే వంశంలో పుట్టి ఇవి ఎందుకు మానేశాయి?" అని అడగాలి. అది శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తలలు బద్దలు కొట్టుకుంటున్న మంచి ప్రశ్న. పాఠంలో తప్పు వాక్యం వుంటే నష్టం ఒక మార్కు కాదు; ఈ ప్రశ్న మీ బుర్రలో పుట్టకుండా పోవడం.

పాఠాలు రాసేవాళ్లకు వింతలంటే మోజు. పరాయి గూటిలో గుడ్డు పెట్టడం వింత కాబట్టి పుస్తకానికెక్కింది. ఇంటి పక్క పొదలో ఆలుమగలు కష్టపడి పిల్లల్ని పెంచుకోవడం వింత కాదు కాబట్టి ఎక్కలేదు. వింతను చెప్పవద్దనడం లేదు. దాని పక్కన మామూలు సంగతి కూడా చెబితేనే అది వింత అని తెలుస్తుంది. ఒక్క వాక్యం చేరిస్తే చాలు. "కోకిల కుటుంబంలో సుమారు 150 జాతులున్నాయి; వాటిలో కోకిల, చాతకం వంటి సుమారు 60 జాతులు మాత్రమే పరాయి గూళ్లలో గుడ్లు పెడతాయి; జెముడుకాకి వంటి మిగిలినవి సొంత గూళ్లు కట్టుకుంటాయి." మీ నోట్సులో ఇలా రాసుకోండి. మాస్టారు అడిగితే ఈ పత్రిక చూపించండి. ఆయన నమ్మకపోతే ఇద్దరూ కలిసి కంచె దగ్గరికి వెళ్లండి.

కంచె వుంటే, అనుకోండి. జెముడుకాకిని గురించి రాసేటప్పుడు పొదల గురించి రాయకుండా వుండలేం. దాని పేరులోని జెముడే ఒక కథ. అమెరికా నుంచి వచ్చిన నాగజెముడు ఒకప్పుడు దక్షిణ భారతమంతా కమ్మేసింది. 1926 ప్రాంతంలో దాన్ని తినే ఒక రకం పిండిపురుగును సింహళం నుంచి తెచ్చి వదిలితే, కొద్ది సంవత్సరాల్లోనే ఆ డొంకలు చాలాచోట్ల మాయమయ్యాయి. జెముడు పోయినా జెముడుకాకి బతికింది. మరో పొదను వెతుక్కుంది. ఏ పొద అని దానికి పట్టింపు లేదు. పొద అంటూ ఒకటి వుండాలి. ఇప్పుడు ఆ పొదలే తగ్గుతున్నాయి. గట్టు మీది తుప్పలు నరికి ముళ్లతీగ లాగుతున్నారు. బడి చుట్టూ కంచె తీసి సిమెంటు గోడ కడుతున్నారు. గోడ కట్టవద్దని నేననను; పశువులు రాకుండా వుండాలి గదా. గోడకు లోపల, ఒక మూలన, నాలుగు గజాల తీగల పొదను "చెత్త" అనకుండా వదిలిపెట్టమంటాను. దేశం మొత్తం మీద చూస్తే ఈ పక్షి అంతరించిపోయే స్థితిలో లేదు. కాని మీ ఊళ్లో లేకపోతే, దేశంలో ఎక్కడో వుందన్న మాట మీకేం పనికొస్తుంది?

మరో ముప్పు మందు పేరుతో వస్తోంది. జెముడుకాకి మాంసం తింటే క్షయ, ఉబ్బసం తగ్గుతాయని ఒక నమ్మకం పూర్వం నుంచీ వుంది. క్షయ ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుందని రాబర్ట్ కాక్ 1882లోనే కనిపెట్టాడు. దాన్ని చంపే మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. సాధారణంగా ఆరు నెలలు మానకుండా మింగాలి. పక్షి మాంసానికి ఆ క్రిమిని చంపే శక్తి లేదు. రోగి పక్షికూర తింటూ గడిపిన ప్రతి నెలా క్రిమి బలపడే నెల, అది ఇంట్లో మరొకరికి అంటుకునే నెల. పక్షి ప్రాణం సరే, మనిషి ప్రాణం కూడా అందులో వుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షిని చంపడం నేరం. ఇంట్లో తాతగారో, మామ్మగారో ఆ మందు మాట ఎత్తితే ఎదిరించి మాట్లాడనక్కరలేదు. "ముందు కళ్లె పరీక్ష చేయిద్దాం, తాతయ్యా" అని ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక పొద నరకక తప్పదనే వాళ్లకు ఒక మాట. నరికే ముందు రెండు రోజులు దూరంగా కూర్చుని చూడండి. ఎర్రకళ్ల నల్లపక్షి ముక్కున ఏదో కరుచుకుని పదే పదే ఒకే చోట దూరుతోందంటే లోపల పిల్లలున్నాయన్నమాట. దగ్గరికి పోయి కొమ్మలు తప్పించి చూడకండి. మీరు తెరిచిన దారిని చెట్టు మీది కాకి కూడా చూస్తూ వుంటుంది. గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్ల గూడు దాటే దాకా మహా అయితే 40 రోజులు. అప్పటిదాకా కొడవలి ఇంట్లో వుంచి, తర్వాత కూడా ఒకేసారి మొత్తం కాకుండా, ఈ ఏడు ఒక పక్క, వచ్చే ఏడు రెండో పక్క నరకండి.